నెగటివ్ స్కాన్‌లో గ్రెయిన్: ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకుని అదుపు చేయడం

ఎన్‌లార్జర్ (నెగటివ్‌ని పెద్దది చేసి కాగితం మీద ప్రింట్ వేసే యంత్రం) కింద ప్రింట్ వేస్తే నున్నగా వచ్చిన ఆకాశం, అదే నెగటివ్‌ని స్కాన్ చేస్తే మిరియాల పొడి చల్లినట్టు కనిపిస్తుంది. వెంటనే చెయ్యి నాయిస్ రిడక్షన్ స్లైడర్ మీదికి వెళ్తుంది. కాసేపు ఆగండి. ఆ గరుకులో ఫిల్మ్‌ది, అంటే అసలు గ్రెయిన్, కొంత, స్కానర్ కల్పించింది కొంత, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో మీరు పెంచుకున్నది ఇంకొంత ఉంటుంది. ఒక్కోదానికి మందు వేరు. ఏది ఎంతో తెలియకుండా నాయిస్ రిడక్షన్ వాడితే ముందు పోయేది చర్మం మీది సన్నని గీతలు, జుట్టు, బట్ట నేత. స్కానర్ కల్పించిన గరుకు మాత్రం మచ్చలు మచ్చలుగా అక్కడే ఉంటుంది.

కింద చెప్పినవి వెండి ఆధారిత బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లకు, ముఖ్యంగా 35 ఎంఎం ఫిల్మ్‌కు. మీడియం ఫార్మాట్‌కీ ఇవే వర్తిస్తాయి కానీ అక్కడ బాధ చాలా తక్కువ. 8 అంగుళాల వెడల్పు ప్రింట్‌కి 24 మిల్లీమీటర్ల ఫ్రేమ్‌ని ఎనిమిదిన్నర రెట్లు పెంచాలి. 56 మిల్లీమీటర్ల 6×6 ఫ్రేమ్‌కి మూడున్నర రెట్లు చాలు.

స్కానర్ నిజంగా చూసేది ఏమిటి

ఎమల్షన్‌లోని, అంటే ఫిల్మ్ మీది కాంతికి స్పందించే పూతలోని, సిల్వర్ హాలైడ్ స్ఫటికాలు సుమారు 0.2 నుంచి 2 మైక్రాన్ల పరిమాణంలో ఉంటాయి. 4000 పీపీఐ (అంగుళానికి 4000 పిక్సెళ్లు) దగ్గర స్కానర్ పిక్సెల్ ఒక్కోటి నెగటివ్ మీద 6.35 మైక్రాన్లు ఆక్రమిస్తుంది. అంటే విడి స్ఫటికాన్ని ఏ మామూలు స్కానరూ చూడలేదు. మనం గ్రెయిన్ అంటున్నది ఎమల్షన్ మందం పొడవునా ఒకదాని మీద ఒకటి పడిన వెండి రేణువులు పైనుంచి చూస్తే ఏర్పరిచే గుంపులు, వాటి మధ్య ఖాళీలు. ఆ గుంపుల పరిమాణం పిక్సెల్ పరిమాణానికి దగ్గరగా ఉండడమే స్కానింగ్‌లో వచ్చే చిక్కులన్నిటికీ మూలం.

ఫిల్మ్‌ని బట్టి తేడా చాలా ఉంటుంది. కొడాక్ తన సమాచార పత్రాల్లో ఇచ్చే ఆర్‌ఎంఎస్ గ్రాన్యులారిటీ (గ్రెయిన్ గరుకు కొలత) అంకె టీ-మ్యాక్స్ 100కి 8, టీ-మ్యాక్స్ 400కి 10, ట్రై-ఎక్స్ 400కి 17. ఈ అంకెను 48 మైక్రాన్ల వ్యాసమున్న రంధ్రంతో, 1.0 డెన్సిటీ (ఫిల్మ్ ఎంత దట్టంగా నల్లబడిందో చెప్పే కొలత) దగ్గర కొలుస్తారు. స్కానర్ పిక్సెల్ దానికన్నా చాలా చిన్నది కాబట్టి ఫిల్మ్‌ల మధ్య పోలికకు ఇది పనికొస్తుంది కానీ మీ ఫైల్‌లో గరుకు ఎంత ఉంటుందో నేరుగా చెప్పదు.

ఇంకో విషయం ముందే మనసులో పెట్టుకోండి. నెగటివ్‌లో ఆకాశం అంటే దట్టంగా నల్లబడిన భాగం. వెండి ఎక్కువున్నది అక్కడే కాబట్టి గ్రెయిన్ అక్కడే ఎక్కువ. స్కానర్ సెన్సర్‌కి అతి తక్కువ వెలుతురు చేరేదీ అక్కడి నుంచే కాబట్టి దాని ఎలక్ట్రానిక్ నాయిస్ కూడా అక్కడే. స్లయిడ్ స్కాన్ చేసేవాళ్లు నాయిస్‌ని నీడల్లో వెతుకుతారు. నెగటివ్‌లో అది ఆకాశంలోనూ తెల్ల చొక్కాలోనూ దొరుకుతుంది. రెండూ ఒకే చోట కలిసిపోవడం వల్లే వాటిని విడదీసే పరీక్షలు కావాలి.

మూడు పరీక్షలు

ఏ సెట్టింగూ మార్చకముందు ఇవి చేయండి. ఒక నెగటివ్‌లో వివరాలేమీ లేని ఆకాశమో గోడో ఎంచుకుని, ఆ చిన్న ముక్కను మాత్రమే స్కాన్ చేస్తే ఎక్కువ సమయం పట్టదు. షార్పెనింగ్, గ్రెయిన్ తగ్గింపు, దుమ్ము తొలగింపు అన్నీ ఆపేసి, 16 బిట్ గ్రేస్కేల్‌లో పెట్టుకోండి.

మొదటిది ఖాళీ పరీక్ష. హోల్డర్‌లో గాజు ఉంటే గాజు ఉంచి, ఫిల్మ్ లేకుండా స్కాన్ చేయండి. ఎక్స్‌పోజర్‌ని తగ్గించి తెలుపు తెగిపోకుండా (తేడాలన్నీ పోయి పూర్తి తెలుపైపోకుండా) చూసుకోండి, లేకపోతే ఏమీ కనిపించదు. వచ్చిన ఫైల్‌లో లెవెల్స్‌ని రెండు వైపుల నుంచీ బాగా దగ్గరకు లాగండి. గింజల్లాంటి అల్లిక కనిపిస్తే అది న్యూటన్ రింగులు (ఫిల్మ్ గాజుకి తగిలిన చోట ఏర్పడే వలయాలు) రాకుండా గాజుకి ఇచ్చిన గరుకుతనం. నిలువు గీతలు కనిపిస్తే సెన్సర్ క్యాలిబ్రేషన్‌దో, క్యాలిబ్రేషన్ కిటికీ మీద పడ్డ దుమ్ముదో దోషం. రెండూ ఫిల్మ్‌వి కావు.

రెండోది జంట స్కాన్. ఫిల్మ్‌ని కదపకుండా అదే ముక్కని వరసగా రెండుసార్లు స్కాన్ చేయండి. రెండు ఫైళ్లనీ ఒకే డాక్యుమెంట్‌లో పొరలుగా పెట్టి, పై పొర బ్లెండ్ మోడ్‌ని డిఫరెన్స్‌కి మార్చండి. ఫిల్మ్‌లోని గ్రెయిన్ రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది; ప్రతిసారీ మారే ఎలక్ట్రానిక్ నాయిస్ మిగులుతుంది. దాదాపు నలుపు మాత్రమే మిగిలితే స్కానర్ నిశ్శబ్దంగా పనిచేస్తున్నట్టే. మిగిలినది బొమ్మ అంచుల్లా కనిపిస్తే రెండు స్కాన్లూ ఒకటి రెండు పిక్సెళ్లు పక్కకి జరిగాయని అర్థం. పై పొరని బాణం మీటలతో ఒక్కో పిక్సెల్ జరిపి, తెర బాగా నల్లబడే చోట ఆపండి. ఫ్లాట్‌బెడ్‌లో (గాజు పలక మీద పెట్టి స్కాన్ చేసే రకంలో) ఇది మామూలే, ఎందుకంటే మోటారు ప్రతిసారీ సరిగ్గా అదే అడుగు వేయదు.

మూడోది రిజల్యూషన్ పరీక్ష. అదే ముక్కని 2000, 4000 పీపీఐల దగ్గర, స్కానర్‌కి సత్తా ఉంటే ఇంకా పైన కూడా స్కాన్ చేయండి. ఎక్కువ రిజల్యూషన్ ఫైల్‌ని 2000 స్థాయికి తగ్గించి, నేరుగా 2000 దగ్గర చేసిన దాని పక్కన పెట్టండి. నేరుగా చేసినది ముతకగా, పెద్ద గింజలతో కనిపిస్తే మీరు చూస్తున్నది ఏలియాసింగ్. అంటే పిక్సెళ్లు పట్టుకోలేనంత సన్నటి గ్రెయిన్, పిక్సెళ్ల వరసలతో తలపడి, ఫిల్మ్‌లో లేని పెద్ద గ్రెయిన్‌గా మారువేషంలో తిరిగొచ్చింది. జంట స్కాన్‌లో ఇది బయటపడదు, ఎందుకంటే ఫిల్మ్ కదలనంతవరకూ ఏలియాసింగ్ కూడా రెండుసార్లూ ఒకేలా వస్తుంది. అందుకే మూడో పరీక్ష విడిగా చేయాలి.

రిజల్యూషన్ ఎంత పెట్టాలి

పెట్టె మీది అంకెని పక్కన పెట్టండి. 6400 అని రాసున్న ఫ్లాట్‌బెడ్‌లు కూడా అసలు రిజల్యూషన్‌లో 2000 నుంచి 2400 పీపీఐ మధ్యనే ఆగిపోతాయి. మిగతాదంతా మసకని ఎక్కువ పిక్సెళ్లలో నింపడమే. మీ స్కానర్‌ది తెలుసుకోవాలంటే యూఎస్‌ఏఎఫ్ 1951 టెస్ట్ టార్గెట్‌ని ఫిల్మ్ ఉండే ఎత్తులోనే పెట్టి స్కాన్ చేయండి. మూడు గీతలూ విడివిడిగా కనిపించే చివరి గుంపునీ అంశాన్నీ చూడండి. గుంపు 5, అంశం 3 వరకూ కనిపిస్తే మిల్లీమీటర్‌కి 40.3 గీతల జతలు, దాన్ని 50.8తో గుణిస్తే సుమారు 2050 పీపీఐ. గుంపు 6, అంశం 3 కనిపిస్తే 80.6 జతలు, అంటే సుమారు 4100. అడ్డంగానూ నిలువుగానూ రెండూ చూడండి. చాలా స్కానర్లలో రెండు దిశలకీ తేడా ఉంటుంది.

ఇప్పుడు నిర్ణయం సులువు. లెన్స్ పదునైన ఫిల్మ్ స్కానర్ అయితే ఎప్పుడూ దాని పూర్తి ఆప్టికల్ రిజల్యూషన్ దగ్గరే స్కాన్ చేసి, కావలసిన సైజుకి తర్వాత తగ్గించుకోండి. సమయం మిగుల్తుందని 2000 లేదా 2700 దగ్గర చేయడం అన్నిటికన్నా చెడ్డ బేరం: లెన్స్ గ్రెయిన్‌ని స్పష్టంగా చూపిస్తుంది, పిక్సెళ్లు దాన్ని పట్టుకోలేవు, ఏలియాసింగ్ నేరుగా ఫైల్‌లోకి దిగుతుంది. ఫ్లాట్‌బెడ్ అయితే దీనికి వ్యతిరేకం. దాని లెన్స్ మసకే ఏలియాసింగ్‌కి అడ్డుగోడ. అందుకే ఫ్లాట్‌బెడ్ స్కాన్లు ‘గ్రెయిన్ తక్కువ’ అనిపిస్తాయి. అది మంచి గుణం కాదు, గ్రెయిన్‌తో పాటు బొమ్మ వివరం కూడా పోయింది. ఫ్లాట్‌బెడ్‌ని 3200 లేదా 4800 దగ్గర పెట్టి సగానికి తగ్గిస్తే చాలు. 6400 దగ్గర పెట్టి లాభం లేదు.

35 ఎంఎం ఫ్రేమ్‌ని 4000 దగ్గర స్కాన్ చేస్తే 5669×3779 పిక్సెళ్లు, దాదాపు 21 మెగాపిక్సెళ్లు వస్తాయి. 16 బిట్ గ్రేస్కేల్‌లో ఒక్కో ఫైల్ సుమారు 43 మెగాబైట్లు. ఆర్‌జీబీలో చేస్తే దానికి మూడింతలు.

వెలుతురు

వెండి రేణువులు కాంతిని పీల్చుకోవడమే కాదు, చెదరగొడతాయి కూడా. ఒకే దిశలో సూటిగా వచ్చే కాంతి అయితే చెదిరిన భాగం లెన్స్‌లోకి చేరదు. ఆ చోటు ఉన్నదానికన్నా ఎక్కువ నల్లగా కనిపిస్తుంది. నెగటివ్ ఎంత దట్టంగా ఉంటే ఈ ప్రభావం అంత ఎక్కువ. దీన్నే కాలియర్ ప్రభావం అంటారు. పాత కండెన్సర్ ఎన్‌లార్జర్‌కీ డిఫ్యూజన్ ఎన్‌లార్జర్‌కీ ప్రింట్‌లో ఉండే తేడా ఇదే. ఎల్‌ఈడీల సూటి కాంతితో పనిచేసే నికాన్ కూల్‌స్కాన్ లాంటి ఫిల్మ్ స్కానర్లలో గ్రెయిన్, గీతలు, దుమ్ము అన్నీ కరుకుగా పైకి తేలతాయి. మినోల్టా తన స్కాన్ ఎలీట్ 5400లో గ్రెయిన్ డిసాల్వర్ పేరుతో కాంతి దారిలో డిఫ్యూజర్‌ని అడ్డు పెట్టింది. అలాంటి అమరిక ఉన్న స్కానర్ మీ దగ్గరుంటే వెండి నెగటివ్‌లకి దాన్ని ఆన్‌లోనే ఉంచండి. సమయం ఎక్కువ పడుతుంది కానీ హైలైట్లు మెత్తబడతాయి, గీతలు చాలావరకు మాయమవుతాయి, పదును మాత్రం పెద్దగా తగ్గదు. ఫ్లాట్‌బెడ్‌ల మూతలోని కాంతి ఎలాగూ పరుచుకుని వచ్చేదే కాబట్టి అక్కడ చేయాల్సింది లేదు.

గ్రెయిన్ కరుకు కాంతి వల్లా, కాంట్రాస్ట్ వల్లా అన్న అనుమానం వస్తే, అదే నెగటివ్‌ని ఫ్లాట్‌బెడ్‌లో స్కాన్ చేసి మధ్య గ్రే స్థాయి ఒకటే అయ్యేలా సరిచేసి పోల్చండి. సరిచేయకుండా పోల్చితే మోసపోతారు.

చదును, ఫోకస్

ఇది విసుగు పుట్టించే భాగం, కానీ ఫలితంలో సగం ఇక్కడే తేలిపోతుంది. ఫిల్మ్ మధ్యలో ఉబ్బితే మధ్యలో గ్రెయిన్ స్పష్టంగా, మూలల్లో మసకగా వస్తుంది. అలాంటి ఫ్రేమ్‌కి మొత్తంగా షార్పెనింగ్ చేస్తే మధ్యభాగం ఇసుక కాగితం అవుతుంది, మూలలు అలాగే ఉంటాయి. వంకర తిరిగిన ఫిల్మ్‌ని ముక్కలుగా కోసి, స్లీవుల్లో పెట్టి, బరువు కింద కొన్ని రోజులు ఉంచండి. గాజు హోల్డర్ వాడితే ఎమల్షన్ వైపు మామూలు గాజుకి, మెరిసే వైపు గరుకు గాజుకి తగిలేలా పెట్టండి. న్యూటన్ రింగులు ఎక్కువగా వచ్చేది మెరిసే వైపు నుంచే.

ఫోకస్‌కి గ్రెయిన్‌ని మించిన గుర్తు లేదు. ఫిల్మ్ స్కానర్‌లో ఆటోఫోకస్ బిందువుని మధ్యకీ మూలకీ నడుమ, ఓ మోస్తరు డెన్సిటీ ఉన్న చోట పెట్టండి. పూర్తి నలుపులోనో, ఖాళీ అంచులోనో పెడితే అది దారితప్పుతుంది. ఫ్లాట్‌బెడ్‌లో ఫోకస్ స్థిరం కాబట్టి హోల్డర్ ఎత్తే మార్చాలి. ఎత్తు సర్దే పాదాలుంటే ఒక్కో మెట్టు దగ్గరా, లేకపోతే హోల్డర్ కింద అర మిల్లీమీటర్ మందం అట్టముక్కలు ఒక్కొక్కటే పెంచుతూ స్కాన్ చేయండి. గ్రెయిన్ బాగా స్ఫుటంగా కనిపించిన ఎత్తే సరైనది. గ్రెయిన్ కనిపించకూడదని కావాలని ఫోకస్ తప్పించడం మాత్రం వద్దు. గ్రెయిన్‌ని ఆ తర్వాత తగ్గించుకోవచ్చు, పోయిన పదును మాత్రం తిరిగి రాదు.

స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాల్సినవి

ఫైల్ 16 బిట్‌లోనే ఉండాలి. స్కానర్ ఆర్‌జీబీగా చదివి గ్రే తయారుచేస్తుంటే ఏ చానెల్ వాడాలో ఎంచుకోండి. వ్యూస్కాన్ అనే స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లో అందుకు విడిగా ఆప్షన్ ఉంది. చాలా లెన్స్‌లు ఆకుపచ్చ దగ్గరే పదునుగా ఉంటాయి. మూడు చానెళ్లూ కలిపితే ఒక్కోదాని ఫోకస్‌లో ఉండే కొద్దిపాటి తేడా వల్ల గ్రెయిన్ అంచులు అలుక్కుపోతాయి. నాయిస్ కొంచెం తగ్గుతుంది కానీ పదునూ తగ్గుతుంది. మీ స్కానర్‌లో మూడు చానెళ్లనీ ఒకసారి విడివిడిగా 100 శాతం దగ్గర చూసి తేల్చుకోండి, మళ్లీ మళ్లీ చూడాల్సిన పని లేదు.

డిజిటల్ ఐస్ అనే దుమ్ము తొలగింపు సదుపాయాన్ని తప్పకుండా ఆపేయండి. అది ఇన్‌ఫ్రారెడ్ కాంతితో దుమ్ముని వెతుకుతుంది. వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా అడ్డుకుంటుంది కాబట్టి బొమ్మనే దుమ్ము అనుకుని పూడ్చేస్తుంది. అంచులు కరిగిపోయి, దట్టమైన భాగాల్లో వింత మచ్చలు వస్తాయి. ఇల్‌ఫర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ లాంటి వెండికి బదులు రంగు ద్రవ్యాలతో (డై) బొమ్మ ఏర్పడే ఫిల్మ్‌లకి మాత్రం ఇది బాగా పనిచేస్తుంది, వాటిలో చివరికి వెండి మిగలదు కాబట్టి.

మల్టీ శాంప్లింగ్ గురించి అపోహ ఎక్కువ. ఒకే గీతని నాలుగుసార్లు చదివి సగటు తీస్తే ఎలక్ట్రానిక్ నాయిస్ సగమవుతుంది, పదహారుసార్లయితే నాలుగో వంతు. గ్రెయిన్ ఒక్క ఇసుమంత కూడా తగ్గదు. అది ప్రతిసారీ అక్కడే ఉంటుంది. జంట స్కాన్ పరీక్షలో నాయిస్ చెప్పుకోదగ్గంత మిగిలితేనే ఇది పెట్టండి, లేకపోతే సమయం దండగ. ఫ్లాట్‌బెడ్‌లో మొత్తం ఫ్రేమ్‌ని పలుమార్లు స్కాన్ చేసే పద్ధతి వాడితే స్కాన్లు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోక గ్రెయిన్ మెత్తబడినట్టు కనిపిస్తుంది. అది మెరుగుదల అనుకోకండి, మసక.

ఎక్స్‌పోజర్‌ని ఫ్రేమ్‌ల మధ్య ఖాళీ ఫిల్మ్ చూసి పెట్టండి. అది తెగిపోకుండా వీలైనంత వెలుగుగా ఉంటే దట్టమైన ఆకాశానికి కూడా కావలసినంత కాంతి అందుతుంది. ఒక రోల్‌కి ఒకసారి పెట్టి లాక్ చేస్తే ఫ్రేమ్‌లన్నీ ఒకేలా వస్తాయి.

పాజిటివ్‌గా మార్చేటప్పుడే గ్రెయిన్ పెరుగుతుంది

ఫోటోగ్రఫిక్ కాగితం టోన్ కర్వ్ ‘ఎస్’ ఆకారంలో ఉంటుంది. హైలైట్ల చివర అది చదునుగా ఉండడం వల్ల ఆకాశంలోని గ్రెయిన్ తేడాలు అణిగిపోతాయి. స్కాన్‌ని ఇన్వర్ట్ చేసి, ఆటో లెవెల్స్ నొక్కి, ఆకాశంలో వివరం కోసం హైలైట్లని లాగితే మీరు చేస్తున్నది సరిగ్గా దానికి వ్యతిరేకం. అక్కడ కర్వ్ నిటారుగా లేచి గ్రెయిన్‌ని కూడా లాగుతుంది. ప్రింట్‌లో లేని గ్రెయిన్ స్కాన్‌లో ఉండడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

కాబట్టి ఇన్వర్ట్ చేశాక ముందు నలుపు, తెలుపు బిందువులు పెట్టండి, రెండు చివర్లా కాస్త చోటు వదిలి. తర్వాత కర్వ్‌లో మధ్యభాగానికి మాత్రం వాలు పెంచి, పై పావుభాగాన్ని మెల్లగా చదును చేయండి. కర్వ్ బిందువులు కదుపుతూ ఆకాశాన్ని 100 శాతం దగ్గర చూస్తూ ఉండండి. క్లారిటీ, డీహేజ్, హెచ్‌డీఆర్ తరహా స్లైడర్లు స్థానిక కాంట్రాస్ట్‌ని పెంచుతాయి కాబట్టి మొత్తం ఫ్రేమ్‌కి వాడకండి. మాస్క్ వేసి, వివరం ఉన్న చోట మాత్రమే వాడండి.

పలుచని, అండర్ ఎక్స్‌పోజ్ అయిన నెగటివ్‌లో కథ వేరు. అందులో మొత్తం టోన్లు చిన్న పరిధిలో ఇరుక్కుని ఉంటాయి. మామూలు కాంట్రాస్ట్ కోసం సాగదీస్తే గ్రెయిన్ కూడా అన్ని రెట్లూ సాగుతుంది. నీడల్లో అసలు ఏమీ నమోదు కాని చోటని వెలుగులోకి తేవాలని చూడకండి. అక్కడ వచ్చేది బేస్ ఫాగ్ (వెలుతురు తగలకపోయినా ఫిల్మ్‌లో ఉండే పలుచని నలుపు) గ్రెయిన్ తప్ప బొమ్మ కాదు. ఆ నీడని నల్లగానే వదిలేయడం మేలు.

తగ్గించడం, పదును పెట్టడం, నాయిస్ రిడక్షన్

ఈ మూడూ ఇదే వరసలో.

కొలత వైశాల్యం పెరిగేకొద్దీ గ్రెయిన్ హెచ్చుతగ్గులు ఆ వైశాల్యపు వర్గమూలానికి విలోమంగా తగ్గుతాయి. దీన్ని సెల్విన్ సూత్రం అంటారు. ఆచరణలో దీని అర్థం: 4000 పీపీఐ ఫైల్‌ని 2000కి తగ్గిస్తే నాలుగు పిక్సెళ్లు ఒకటవుతాయి, గ్రెయిన్ సగమవుతుంది. ఇంత శుభ్రంగా పనిచేసే నాయిస్ రిడక్షన్ ఇంకోటి లేదు. తగ్గించేటప్పుడు నియరెస్ట్ నైబర్ వద్దు. మామూలు బైక్యూబిక్ వాడండి. ‘షార్పర్’ అని రాసున్న పద్ధతి తగ్గిన గ్రెయిన్‌కి మళ్లీ అంచులు చెక్కుతుంది. తెర మీద 33 లేదా 66 శాతం జూమ్‌లో గ్రెయిన్‌ని అంచనా వేయకండి. ఎడిటర్ వేగం కోసం ముతకగా కుదించి చూపిస్తుంది, ఫైల్‌లో లేని గరుకు కనిపిస్తుంది. 100 లేదా 50 శాతం దగ్గరే చూడండి.

షార్పెనింగ్ చివరి సైజు దగ్గరే చేయండి. అన్‌షార్ప్ మాస్క్‌లో రేడియస్ 0.6 నుంచి 0.8, అమౌంట్ 60 నుంచి 80 దగ్గర మొదలుపెట్టి, థ్రెషోల్డ్‌ని ఆకాశం కదలడం ఆగేవరకూ ఒక్కో అంకె పెంచండి. ట్రై-ఎక్స్ లాంటి ఫిల్మ్‌లో థ్రెషోల్డ్ ఒక్కటే సరిపోదు, ఎందుకంటే గ్రెయిన్ తేడాలు బొమ్మలోని సన్నని వివరాల తేడాలంత పెద్దవి. అప్పుడు అంచుల మాస్క్ వేసి కళ్లు, జుట్టు, ఆకులు, అక్షరాలకి మాత్రం పదును పెట్టండి. పూర్తి సైజు ఫైల్‌కి ఒక పిక్సెల్ రేడియస్‌తో షార్పెనింగ్ చేస్తే అది బొమ్మకన్నా గ్రెయిన్‌కే పడుతుంది.

ఇంత చేశాక కూడా ఆకాశం ఇబ్బంది పెడితేనే నాయిస్ రిడక్షన్. పొరని నకలు తీసి, నకలు మీద లూమినెన్స్ నాయిస్ రిడక్షన్ చేసి, ఆ పొర ఒపాసిటీని 30 నుంచి 40 శాతానికి దించి, ఆకాశానికి మాత్రమే మాస్క్ వేయండి. పూర్తిగా తుడిచేస్తే రెండు తిప్పలు. ముఖాలు మైనంలా అవుతాయి. నున్నగా మారిన ఆకాశాన్ని 8 బిట్‌లోకి మార్చినప్పుడు మెట్లు మెట్లుగా పట్టీలు కనిపిస్తాయి. కొంచెం గ్రెయిన్ ఉంటే ఆ మెట్లని అదే కప్పేస్తుంది. ఫ్రేమ్‌లో ఒక భాగం నున్నగా, పక్కది గరుకుగా ఉన్నా కంటికి వెంటనే దొరికిపోతుంది, కాబట్టి మాస్క్ అంచుని వెడల్పుగా కరిగించండి.

మాస్టర్ ఫైల్‌ని 16 బిట్ టిఫ్‌లో, షార్పెనింగ్ లేకుండా దాచండి. గ్రెయిన్ నిండిన 16 బిట్ ఫైల్‌ని ఎల్‌జడ్‌డబ్ల్యూతో కుదిస్తే కొన్నిసార్లు ఇంకా పెద్దదవుతుంది, కంప్రెషన్ లేకుండా ఉంచండి. జేపెగ్‌కి గ్రెయిన్ అంటే పడదు: క్వాలిటీ తక్కువగా పెడితే గింజలు 8×8 గళ్లుగా ముద్దకడతాయి. 90కి తగ్గకుండా చూసుకోండి. ఆన్‌లైన్‌లో పెట్టేదైతే ముందే మీరు సైజు తగ్గించి పెట్టండి, లేకపోతే ఆ పని అవతలి సర్వర్ మీకు నచ్చని పద్ధతిలో చేస్తుంది.

కెమెరాతో స్కాన్ చేస్తుంటే

24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 1:1 మాక్రో లెన్స్ కలిస్తే అంకెల్లో 4230 పీపీఐ. సెన్సర్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్లుగా ఉండే బేయర్ ఫిల్టర్ వల్ల అసలు రిజల్యూషన్ కొంత తక్కువ. ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 మధ్య ఉండండి. 1:1 దగ్గర అసలు అపర్చర్ అంకె రెట్టింపవుతుంది, అంటే ఎఫ్/8 పెడితే ఎఫ్/16లా పనిచేస్తుంది. ఇంకా మూస్తే డిఫ్రాక్షన్ గ్రెయిన్‌ని, దానితోపాటు వివరాన్నీ మింగేస్తుంది. ఫిల్మ్‌ని లైట్ ప్యానెల్ మీద నేరుగా పెట్టకుండా మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల పైన ఉంచండి, లేకపోతే ప్యానెల్ చుక్కలూ దుమ్మూ గ్రెయిన్‌తో కలిసిపోతాయి. కెమెరా ఫిల్మ్‌కి సమాంతరంగా ఉందో లేదో చూడడానికి ఫిల్మ్ స్థానంలో చిన్న అద్దం పెట్టి, లైవ్ వ్యూలో లెన్స్ ప్రతిబింబం సరిగ్గా మధ్యకి వచ్చేలా సర్దండి.

సన్నటి గ్రెయిన్ బేయర్ గళ్లతో తలపడినప్పుడు ఎరుపు, నీలం చుక్కలు కనిపిస్తాయి. భయపడకండి, రా ఫైల్‌ని బ్లాక్ అండ్ వైట్‌గా మార్చేటప్పుడు ఆకుపచ్చకే ఎక్కువ వాటా ఇస్తే చాలావరకు పోతాయి. కెమెరాలో పిక్సెల్ షిఫ్ట్ (సెన్సర్‌ని కొద్దిగా జరుపుతూ పలు ఫోటోలు తీసి కలిపే పద్ధతి) ఉంటే వాడండి, ఇక్కడ అది నిజంగా తేడా చూపిస్తుంది. కెమెరా ప్రొఫైల్‌లో దాగుండే డిఫాల్ట్ షార్పెనింగ్‌ని సున్నా చేయడం మర్చిపోకండి. రా కన్వర్టర్లు చాలావరకు మీరు అడగకుండానే కొంత చేసేస్తాయి.

తర్వాతి రోల్ నుంచి

వెండి ఫిల్మ్‌లో ఓవర్ ఎక్స్‌పోజర్ గ్రెయిన్‌ని పెంచుతుంది. ఎక్స్‌పీ2 లాంటి ఫిల్మ్‌లో తగ్గిస్తుంది. రెండింటికీ ఒకే సలహా ఇచ్చేవాళ్లని నమ్మకండి. నీడల్లో వివరం కోసం అర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) ఎక్కువ ఇవ్వడం పర్వాలేదు, రెండు స్టాపులు ఇస్తే ఆకాశం మూసుకుపోతుంది.

స్కానింగ్ కోసమే డెవలప్ చేసేవాళ్లు సమయాన్ని పది నుంచి పదిహేను శాతం తగ్గించుకోవచ్చు. ట్రై-ఎక్స్ 400ని డీ-76 డెవలపర్ 1+1లో (సమానంగా నీళ్లు కలిపి), 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర చేయడానికి కొడాక్ ఇచ్చే సమయం 9¾ నిమిషాలు. స్కానింగ్‌కి ఎనిమిదిన్నర నిమిషాల దగ్గర మొదలుపెట్టి చూడండి. హైలైట్ డెన్సిటీ తగ్గితే గ్రెయిన్, స్కానర్ నాయిస్, కాలియర్ ప్రభావం మూడూ ఒకేసారి దిగుతాయి. పోయిన కాంట్రాస్ట్‌ని కర్వ్‌లో తెచ్చుకోవచ్చు, కానీ అతిగా తగ్గిస్తే సాగదీయాల్సి వచ్చి గ్రెయిన్ మళ్లీ మొదటికొస్తుంది.

డీ-76 స్టాక్‌లో లీటరుకి 100 గ్రాముల సోడియం సల్ఫైట్ ఉంటుంది. అది స్ఫటికాల అంచుల్ని కాస్త కరిగించి గ్రెయిన్‌ని మెత్తబరుస్తుంది. 1+1కి పలుచన చేస్తే సల్ఫైట్ సగమై గ్రెయిన్ కొంచెం స్ఫుటంగా, పదునుగా వస్తుంది. పర్సెప్టాల్ డెవలపర్ ఇంకా మెత్తగా ఇస్తుంది కానీ ఫిల్మ్ స్పీడ్ కొంత కోల్పోతారు. రోడినాల్ డెవలపర్‌లో ఇలా కరిగించే గుణం లేదు, గ్రెయిన్ ఉన్నది ఉన్నట్టు గట్టి అంచులతో నిలబడుతుంది. ఏలియాసింగ్ ఇబ్బంది ఉన్న స్కానర్ వాడేవాళ్లు 400 స్పీడ్ ఫిల్మ్‌ని రోడినాల్‌లో చేయకపోవడమే మంచిది. 100 స్పీడ్ టీ-మ్యాక్స్ లేదా డెల్టా అయితే నిరభ్యంతరంగా వాడొచ్చు.

డెవలపర్, స్టాప్, ఫిక్సర్, కడిగే నీళ్లు అన్నీ రెండు డిగ్రీల తేడాలోపే ఉంచండి. నీళ్ల వేడి ఒక్కసారిగా మారితే జెలటిన్ ముడుచుకుని వల లాంటి పగుళ్లు వస్తాయి. ఇప్పటి ఫిల్మ్‌లలో ఇది అరుదే కానీ, వచ్చిందంటే ఏ స్కానరూ ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తీసేయలేవు. చల్లని నీళ్లున్న చోట కడగడానికి ముందే ఒక బకెట్ నీళ్లు 20 డిగ్రీలకి తెచ్చి పక్కన పెట్టుకోండి.